శ్రేయోభిలాషులను దాటుకుని: అమెరికా హైస్కూళ్లలో ఆడపిల్లల ఆటలు

(ఒక బాలికోన్నత పాఠశాల పూర్వ విద్యార్థినుల సంఘం తమ వ్యాయామోపాధ్యాయిని స్మృత్యర్థం ఏర్పాటు చేసిన ఉపన్యాసం పాఠం)



డ్రిల్లు టీచరు గారి పేరిట ఉపన్యాసం అనగానే ఒలింపిక్ పతకాల గురించి మాట్లాడతానని మీలో చాలామంది అనుకుని ఉంటారు. మల్లీశ్వరి, సింధు గురించి పత్రికలు రాస్తూనే ఉన్నాయి, రాయాలి కూడా. నేను మాత్రం పతకం రాని పిల్లల గురించి మాట్లాడదలచుకున్నాను. హైస్కూల్లో నాలుగేళ్లు ఆడి, ఆ తర్వాత సంసారాల్లో, ఉద్యోగాల్లో పడిపోయిన లక్షలాది ఆడపిల్లలకు ఆ నాలుగేళ్లు ఎలా దక్కాయన్నది ఇవాళ్టి విషయం.

అందుకు అమెరికాను ఎంచుకున్నాను. ఎందుకంటే ఈ వ్యవహారంలో ఎవరు అడ్డుపడ్డారో, ఎవరు నిలబెట్టారో, ఎవరు కోర్టుకెక్కారో అక్కడ పేర్లతో సహా రికార్డయి ఉంది. పైగా మన డ్రిల్లు పీరియడుకు అక్కడితో కాస్త చుట్టరికం ఉంది. 1891 డిసెంబరులో మసాచుసెట్స్ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని వై.ఎం.సి.ఎ. శిక్షణ కళాశాలలో జేమ్స్ నైస్మిత్ పీచ్ పళ్ల బుట్టలు కట్టి బాస్కెట్‌బాల్ మొదలుపెట్టాడు. అదే కళాశాలలో చదువుకున్న హారీ క్రో బక్ 1920లో మద్రాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాల స్థాపించారు. ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో మన వైపు డ్రిల్లు మాస్టార్లు ఎందరో అక్కడ తయారైనవారే. 

నైస్మిత్ ఆట పుట్టిన కొద్ది నెలలకే, ఆ చుట్టుపక్కలే ఉన్న స్మిత్ మహిళా కళాశాలలో సెండా బెరెన్‌సన్ అనే వ్యాయామోపాధ్యాయిని దాన్ని తన విద్యార్థినులకు నేర్పారు. ఆవిడ లిథువేనియాలో పుట్టి, చిన్నప్పుడే అమెరికా చేరిన యూదు కుటుంబపు పిల్ల. అస్తమానం జబ్బు పడుతుంటే ఒళ్లు గట్టిపడుతుందని బోస్టన్‌లో ఒక వ్యాయామ శిక్షణాలయంలో చేరారు. చివరికి అదే ఆవిడ వృత్తి అయింది. 1893 మార్చిలో మొదటి సంవత్సరం అమ్మాయిలకూ, రెండో సంవత్సరం అమ్మాయిలకూ పోటీ పెట్టి, మగవాళ్లను లోపలికి రానివ్వకుండా తలుపులు మూయించారు.

ఆమె పెట్టిన నిబంధనలు చూడండి. కోర్టును మూడు భాగాలు చేశారు. ఏ భాగంలో అమ్మాయి ఆ భాగంలోనే ఆడాలి, గీత దాటకూడదు. ఎదుటివారి చేతిలోంచి బంతి లాక్కోకూడదు. బంతిని మూడు సెకన్లకు మించి పట్టుకోకూడదు, మూడుసార్లకు మించి నేలకు కొట్టకూడదు. పిల్లలు అలసిపోకూడదు, మొరటుగా ఆడకూడదు, ఆడతనానికి మచ్చ రాకూడదు. ఇవీ ఆవిడ జాగ్రత్తలు. అప్పటికి ఇరవై ఏళ్ల ముందే, 1873లో, హార్వర్డ్ వైద్యుడు ఎడ్వర్డ్ క్లార్క్ ఎక్కువ చదివితేనే ఆడపిల్లల గర్భాశయానికి చేటని పుస్తకం రాసి ఉన్నాడు. చదువుకే అంత గోల జరిగిన కాలంలో బెరెన్‌సన్ గారు గెంతే ఆట నేర్పారంటే సాహసమే. తలుపు తీసిందీ ఆవిడే, గడప దాటొద్దన్నదీ ఆవిడే.

ఆట మాత్రం గడప దగ్గర ఆగలేదు. పదేళ్లు తిరక్కుండా దేశమంతా పాకింది. మోంటానాలో ఫోర్ట్ షా అనే ప్రభుత్వ వసతి పాఠశాల ఉండేది. స్థానిక తెగల పిల్లలను ఇళ్ల నుంచి తెచ్చి, వాళ్ల భాష, ఆచారం మాన్పించడమే ఆ బడి పని. ఆ బడి అమ్మాయిల జట్టు 1904లో సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శనకు వెళ్లి, అక్కడ ఎదురైన జట్లను ఓడించి ఛాంపియన్లుగా పేరు తెచ్చుకుంది. అన్నీ లాక్కున్న బడిలోనే ఆ పిల్లలు తమదంటూ ఒకటి దక్కించుకున్నారు. వాళ్ల కథే వేరే ఉపన్యాసం అవుతుంది, ఇవాళ్టికి ఇంతే.

ఇక అడ్డుపడ్డవాళ్ల సంగతి. మగవాళ్లు ఆపారు, మతం ఆపింది అని మనం తేలిగ్గా అనేస్తాం. కానీ అమెరికాలో ఆడపిల్లల స్కూలు పోటీలను ఆపించడంలో ముందున్నది చదువుకున్న స్త్రీలు, అందులోనూ వ్యాయామ విద్యలో పనిచేస్తున్న స్త్రీలు. 1923లో జాతీయ అమెచ్యూర్ అథ్లెటిక్ సమాఖ్యకు మహిళా విభాగం ఏర్పడింది. దానికి నాయకురాలు లూ హెన్రీ హూవర్. ఆవిడ స్టాన్‌ఫోర్డ్‌లో భూగర్భ శాస్త్రం చదివిన మనిషి, గర్ల్ స్కౌట్స్ నడిపిన మనిషి, తర్వాత అధ్యక్షుడి భార్య. పిల్లలను ఇంట్లో కూర్చోబెట్టాలన్నది ఆవిడ ఉద్దేశం కానే కాదు. ప్రతి ఆడపిల్లా ఆడాలి, కానీ పోటీలు వద్దు, ప్రయాణాలు వద్దు, టిక్కెట్లు పెట్టి జనానికి చూపించడం వద్దు, మగ కోచ్‌లు వద్దు అన్నారు.

ఆ భయాల్లో నిజం లేకపోలేదు. ఆడపిల్లల ఆటను చూడటానికి కాక, ఆడపిల్లలను చూడటానికి వచ్చే జనం ఉంటారు. గేటు డబ్బుల కోసం పిల్లలను అరగదీసే యాజమాన్యాలూ ఉంటాయి. అయితే మహిళా విభాగం వాళ్లు ఎంచుకున్న మందు ఏమిటంటే ఆటల దినాలు. నాలుగు బళ్ల పిల్లలను ఒకచోట చేర్చి, అందరినీ కలగలిపి జట్లు వేసి, సాయంత్రం దాకా ఆడించి, తాగడానికీ తినడానికీ ఏదో ఇచ్చి ఇంటికి పంపడం. ఏ బడి గెలిచిందో ఎవరికీ తెలియదు, తెలియకూడదు కూడా. ఫలితంగా చాలా రాష్ట్రాల్లో, ముఖ్యంగా నగరాల్లో, దాదాపు యాభై ఏళ్లపాటు ఆడపిల్లలకు తమ బడి పేరు వీపు మీద వేసుకుని ఆడే యోగం లేకుండా పోయింది. శత్రువు ఆపితే ఎదురు తిరగొచ్చు. నీ మంచికే అని ఆపేవాళ్లను ఏం చేస్తాం?

అయోవా అనే రాష్ట్రం ఈ మంచి మాట వినలేదు. మధ్య పశ్చిమంలో మొక్కజొన్న పండే రైతుల రాష్ట్రం. 1920లో డి మోయిన్ నగరంలోని డ్రేక్ విశ్వవిద్యాలయంలో అక్కడ మొదటి రాష్ట్రస్థాయి బాలికల బాస్కెట్‌బాల్ పోటీ జరిగింది. 1925 నాటికి అక్కడా గాలి మారింది. రాష్ట్ర హైస్కూలు క్రీడా సంఘం ఇక ఆడపిల్లల పోటీలు మాకొద్దని తేల్చింది. ఆ సభలోనే చిన్న ఊళ్ల బళ్లు నడిపే సూపరింటెండెంట్లు కొందరు అడ్డం తిరిగారు. మిస్టిక్ అనే బొగ్గు గనుల ఊరి నుంచి వచ్చిన జాన్ ఏగన్స్ లేచి, ఈ ఆటను ఆపబోయేవాడు వచ్చే రైలుకు ఎదురుగా పట్టాల మీద నిలబడ్డట్టే అని హెచ్చరించారట. ఆ మాట అయోవాలో ఇప్పటికీ చెప్పుకుంటారు. వాళ్లు పేరున్న సంస్కర్తలేం కారు. బయటికి వచ్చి అయోవా బాలికల హైస్కూలు అథ్లెటిక్ యూనియన్ పెట్టుకున్నారు. ఆడపిల్లల ఆటల కోసమే ఒక రాష్ట్రంలో ప్రత్యేక సంస్థ. అది ఈనాటికీ ఉంది.

నగరాల బళ్లు ఆడపిల్లల బాస్కెట్‌బాల్ మానేస్తే, పల్లెటూరి బళ్లు పట్టుకుని వేలాడాయి. మనం అనుకునేదానికి తలకిందులు కదా. దీనికి అక్కడివాళ్లు చెప్పే కారణం నాకు నచ్చుతుంది. తెల్లారి లేచి గొడ్లకు మేత వేసి, పాల బిందెలు మోసి, గడ్డి మోపులు ఎత్తే కూతురిని రోజూ చూసే తండ్రికి, పిల్ల సుకుమారం, పరిగెత్తితే కందిపోతుంది అని ఏ డాక్టరు చెప్పినా ఎక్కదు. పైగా చలికాలంలో ఆ ఊళ్లలో చూడటానికి మరేముంది? బడి జిమ్ము ఒక్కటే. సుమారు వందమంది పిల్లలుండే బడిలో మగపిల్లల జట్టు ఉంటే చాలదు, రెండో ఆట కూడా కావాలి ఊరికి.

ఆ ఆట తీరు కాస్త చెప్పాలి. జట్టుకు ఆరుగురు. ముగ్గురు ఫార్వర్డ్‌లు, ముగ్గురు గార్డులు. కోర్టు మధ్యలో ఒక గీత. ఫార్వర్డ్‌లు ఇటు సగంలో, గార్డులు అటు సగంలో. ఎవరూ గీత దాటకూడదు. బంతిని రెండుసార్లు నేలకు కొట్టాక ఎవరికైనా ఇవ్వాలి, లేదా బుట్టకు వెయ్యాలి. బుట్టలో వేసే హక్కు ఫార్వర్డ్‌లదే. గార్డుగా చేరిన పిల్ల నాలుగేళ్లు ఆడినా ఒక్క పాయింటు చెయ్యదు. ఎదుటి అమ్మాయిని ఆపడం, బంతి దక్కించుకోవడం, గీత దాకా తెచ్చి అవతలి సగంలో ఉన్న తన జట్టు పిల్లకు అందించి, ఆమె ఏం చేస్తుందో నిలబడి చూడటం. ఇదీ ఆమె పని. బెరెన్‌సన్ గారు గీసిన గీతలు మూడు భాగాల నుంచి రెండు భాగాలకు తగ్గాయే తప్ప పోలేదు. జాగ్రత్త కోసం పుట్టిన నిబంధన అయోవాలో వేగానికీ గురికీ పనికొచ్చింది. ఫార్వర్డ్‌లు ఆపకుండా పాయింట్లు కొట్టేవారు.

1968 ఫైనల్ గురించి అయోవాలో ముసలివాళ్లు ఇప్పటికీ కళ్లు మెరిపిస్తూ చెబుతారు. యూనియన్-విటెన్ బడి, ఎవర్లీ బడి. రెండూ మ్యాపులో వెతుక్కోవాల్సిన ఊళ్లు. ఆట ఎక్‌స్ట్రా టైమ్‌లోకి వెళ్లి 113-107తో యూనియన్-విటెన్ గెలిచింది. ఓడిన జట్టు అమ్మాయి జెనెట్ ఓల్సన్ 76 పాయింట్లు చేసింది, గెలిచిన జట్టు అమ్మాయి డెనిస్ లాంగ్ 64. అదే ఏడు డెనిస్ ఒక్క ఆటలో 111 పాయింట్లు చేసింది. మరుసటి ఏడు శాన్ ఫ్రాన్సిస్కో వారియర్స్ అనే మగవాళ్ల ప్రొఫెషనల్ జట్టు ఆమె పేరును డ్రాఫ్టులో పిలిచింది. లీగ్ దాన్ని చెల్లదని కొట్టేసింది. ఆ జట్టు యజమానికి ప్రచారం దక్కింది, అమ్మాయికి మాత్రం ఆ లీగ్‌లో ఆడే చోటు దొరకలేదు. ఆ రోజుల్లో హైస్కూలు అయిపోతే ఎంత గొప్ప క్రీడాకారిణికైనా దాదాపు అక్కడితో సరి.

ఆ పోటీలను ఊరి జాతరలా తీర్చిదిద్దిన మనిషి వేన్ కూలీ. 1954 నుంచి 2002 దాకా ఆ యూనియన్‌ను నడిపారు. డి మోయిన్‌లో వెటరన్స్ మెమోరియల్ ఆడిటోరియం కిక్కిరిసేలా, టీవీలో పక్క రాష్ట్రాలకు కూడా కనబడేలా చేశారు. ఆట మధ్యలో నేల తుడిచేవాళ్లకు కూడా పెళ్లికొడుకుల్లా నల్ల సూట్లు తొడిగించి సంగీతంతో రప్పించేవారు. ఆడపిల్లల ఆట అంటే ఏదో ఓ మూల జరిగే తంతు కాదని చూసేవాడికి నేల తుడుపుతో సహా తెలియాలన్నది ఆయన పద్ధతి. వచ్చిన టిక్కెట్ల డబ్బుతో సాఫ్ట్‌బాల్, పరుగు పందేలు, టెన్నిస్ లాంటి ఆటలూ నడిపారు. హూవర్ గారి సంఘం భయపడ్డ గేటు డబ్బే ఇక్కడ ఆడపిల్లలకు బస్సులూ బంతులూ అయింది.

అయోవా సంగతి అది. దేశంలో చాలాచోట్ల పిల్లలు అడగాల్సి వచ్చింది, కొందరు కోర్టులోనే అడిగారు. మిన్నెసోటా రాష్ట్రం సెయింట్ క్లౌడ్‌లో పెగ్గీ బ్రెండెన్ అనే హైస్కూలు ఆఖరి ఏడాది అమ్మాయి టెన్నిస్ బాగా ఆడేది. బళ్లో ఆడపిల్లల జట్టు లేదు, మగపిల్లల జట్టులో ఆడపిల్లలకు నిషేధం. హాప్కిన్స్‌లో చదివే మరో అమ్మాయికి పరుగులోనూ, మంచు మీద స్కీయింగ్‌లోనూ ఇదే అడ్డు. ఇద్దరి కేసూ కలిపి విని, 1972 మే 1న ఫెడరల్ జడ్జి మైల్స్ లార్డ్ వాళ్లను ఆడనివ్వమన్నారు. మరుసటి ఏడాది పై కోర్టూ సమర్థించింది. తేదీ గుర్తుంచుకోండి. అందరూ చెప్పుకునే టైటిల్ నైన్ చట్టం అప్పటికింకా రాలేదు. ఒక పదిహేడు, పద్దెనిమిదేళ్ల పిల్ల రాజ్యాంగంలోని సమానత్వపు మాటను పట్టుకుని టెన్నిస్ కోర్టులోకి దిగింది.

ఆ చట్టం 1972 జూన్ 23న వచ్చింది. నిక్సన్ సంతకం చేశారు. ప్రభుత్వ డబ్బు తీసుకునే ఏ విద్యా కార్యక్రమంలోనూ ఆడ, మగ వివక్ష కూడదని ఇంగ్లిషులో 37 మాటలు. వాటిలో ఆట అన్న మాటే లేదు. దాన్ని తెచ్చినవాళ్ల మనసులోనూ ప్రధానంగా ఆటలు లేవు. బెర్నీస్ శాండ్లర్ అనే ఆవిడకు డాక్టరేట్ ఉండి కూడా విశ్వవిద్యాలయంలో పర్మినెంటు ఉద్యోగం రాలేదు. ఆడదానికి ఇంత దూకుడు పనికిరాదన్నారు. ఆవిడ పోగుచేసిన ఫిర్యాదులు పట్టుకుని ఆరెగాన్ కాంగ్రెస్ సభ్యురాలు ఎడిత్ గ్రీన్ విచారణలు నడిపారు. హవాయి సభ్యురాలు పాట్సీ మింక్‌కు ఒకప్పుడు వైద్య కళాశాలలు సీటివ్వలేదు. ఆ చేదు ఆవిడకు బాగా తెలుసు. సెనేట్‌లో బర్చ్ బై దాన్ని దాటించారు. తర్వాతగాని ఆటల పెద్దలకు మెలకువ రాలేదు. డబ్బు తెచ్చే ఆటలను చట్టం నుంచి తప్పించాలని 1974లో సెనేటర్ టవర్ సవరణ పెట్టారు. అది చట్టంలోకి ఎక్కలేదు. 1975లో నిబంధనలు వచ్చాయి. హైస్కూళ్లకు 1978 దాకా గడువిచ్చారు.

ఇక లెక్కలు. 1971-72లో అమెరికా హైస్కూలు జట్లలో ఆడిన అమ్మాయిలు సుమారు 2,94,000. అబ్బాయిలు 36 లక్షల పైన. 1977-78కి అమ్మాయిలు 20 లక్షలు దాటారు. 2018-19లో 34 లక్షలు. ఆరేళ్లలో ఏడు రెట్లు పెరగడమంటే ఆడపిల్లలకు హఠాత్తుగా ఆటల మీద ఇష్టం పుట్టుకొచ్చిందని కాదు. ఇష్టం ముందే ఉంది. జిమ్ము ఖాళీ దొరికే వేళ, కోచ్‌కు జీతం, బస్సు, యూనిఫాం, పోటీల షెడ్యూలు, ఈ ఐదూ అప్పుడొచ్చాయి.

చట్టం వల్ల నష్టాలూ జరిగాయి, దాచను. అంతకుముందు కాలేజీల్లో ఆడవాళ్ల జట్లకు నూటికి తొంభై పాళ్లు ఆడవాళ్లే కోచ్‌లు. జీతాలు పెరిగి, పదవికి పరువు రాగానే మగవాళ్లు వచ్చారు. ఇప్పుడు సగం కూడా ఆడవాళ్లు లేరు. మగ కోచ్‌లు వద్దన్న 1923 నాటి పెద్దమ్మలు ఆ ఒక్క విషయంలో ముందు చూపున్నవాళ్లే. అయోవా ఆరుగురి ఆట కూడా ఈ కొత్త కాలానికి నిలవలేదు. గార్డుగా ఆడిన పిల్లకు బుట్టలో వెయ్యడం రాకపోతే కాలేజీ స్కాలర్‌షిప్ ఎవరిస్తారు? ఆరుగురి ఆటే ఆడే టెన్నెసీలో విక్టోరియా కేప్ అనే గార్డు ఇదే ప్రశ్నతో 1976లో కోర్టుకెక్కింది. కింది కోర్టులో గెలిచి పై కోర్టులో ఓడిపోయింది. అయినా కొన్నేళ్లకే ఆ రాష్ట్రం ఐదుగురి ఆటకు మారింది. అయోవాలో 1993లో ఆఖరి ఆట జరిగింది. జిమ్ములు నింపిన ఆట పోయిందని కొందరు అవ్వలు బాధపడతారు. నాకు మాత్రం ఆ గీత చెరిగిపోవడమే మంచిదనిపిస్తుంది.

టెన్నెసీ పేరు వచ్చింది కనుక పాట్ సమిట్‌ను తలచుకోకుండా ఉండలేను. ఆవిడ చదవాల్సిన హైస్కూల్లో ఆడపిల్లల జట్టు లేదని, రైతు అయిన తండ్రి కుటుంబాన్నంతా జట్టున్న పక్క జిల్లాకు మార్చారు. ఆ పిల్ల పెద్దదై టెన్నెసీ విశ్వవిద్యాలయం జట్టుకు కోచ్ అయి 1,098 ఆటలు గెలిపించారు. అంత మొండి తండ్రి దొరకని పిల్లలు ఏమయ్యారో మనకు తెలియదు. పిల్ల అదృష్టం తండ్రి మీద ఆధారపడకుండా ఉండటానికే చట్టం.

మన సంగతికి వస్తాను. మన విద్యాహక్కు చట్టం 2009 షెడ్యూలులో ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని, తరగతికి ఆట సామాను ఇవ్వాలని, 6 నుంచి 8 తరగతుల్లో వందమంది దాటితే వ్యాయామ విద్యకు కనీసం పార్ట్‌టైమ్ బోధకులు ఉండాలని రాసి ఉంది. రాతకు లోటు లేదు. విశాఖ పిల్ల జ్యోతి యర్రాజీలో హర్డిల్స్ పరుగు ఉందని కనిపెట్టింది బడి వ్యాయామ ఉపాధ్యాయుడే. ఆమె వంద మీటర్ల హర్డిల్స్‌ను 13 సెకన్ల లోపు దాటిన మొదటి భారతీయురాలు. వరంగల్ జిల్లా కల్లెడ పిల్ల దీప్తి జీవంజిని గుర్తించిందీ బడి రోజుల్లోనే. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్లలో కాంస్యం తెచ్చింది. వ్యాయామ ఉపాధ్యాయుడి పోస్టు ఖాళీగా ఉన్న బళ్లలో ఇలాంటి పిల్లలు లేరనుకోవడానికి ఆధారమేమీ లేదు.

మన టీచరు గారు విద్యాహక్కు చట్టం రాకముందు మనిషి. తెల్లారి ముగ్గు డబ్బా పట్టుకుని తానే ఖో-ఖో కోర్టు గీతలు గీసేవారు. లంగా ఎగగట్టి ఆడితే బయట రోడ్డు మీద మగపిల్లలు ఆగి చూస్తున్నారని ఫిర్యాదు వస్తే, ఆట ఆపలేదు. ప్రహరీ పక్క నుంచి కోర్టును తీసి బావి వెనక్కి మార్చారు. బళ్ల మధ్య జరిగే గ్రిగ్ పోటీలకు పిల్లలను పంపాల్సి వచ్చినప్పుడు అసలు కష్టం మొదలయ్యేది. సెలెక్టయిన పిల్ల మరునాడు తల దించుకుని వచ్చి, "నాన్న వద్దన్నారు టీచర్" అనేది. సాయంత్రం టీచరు గారు ఆ ఇంటికి వెళ్లి అరుగు మీద కూర్చునేవారు. ఆటల వల్ల లాభాలేమిటో ఒక్క ముక్క చెప్పేవారు కాదు. "మీ అమ్మాయిని నా పక్కనే పడుకోబెట్టుకుంటాను బాబూ, ఆదివారం చీకటి పడేలోగా తెచ్చి అప్పగిస్తాను" అనేవారు. ఆ ఇంటి పెద్దావిడ, "పెద్దమనిషయిన పిల్లకు ఈ గెంతులేమిటమ్మా, దాని మంచికే చెబుతున్నాం" అంటే, "అవునండీ పెద్దమ్మగారూ, మంచికే" అని అక్కడే కూర్చునేవారు. లేచేటప్పటికి సంతకం అయ్యేది. వాదనతో కాదు, పూచీతో గెలిచేవారు. బస్సు చార్జీలు చాలనప్పుడు ఎక్కడి నుంచి వచ్చేవో ఆవిడ పోయాక వాళ్లబ్బాయి చెబితే తెలిసింది. ఇంటి ఖర్చులోంచి.

ఇక్కడే నాకు కాస్త కోపం. ఒక ఉపాధ్యాయిని ఇంటి ఖర్చు మీద ఒక బడి ఆడపిల్లల ఆటలు నడవడం ఆవిడ గొప్పతనమే. అది మిగతా వాళ్లందరి అప్రతిష్ఠ కూడా. అయోవా సూపరింటెండెంట్లు చేసిన పని ఆడపిల్లల ఆటను ఒకరి దయ మీద వదలకుండా, ఏటా తేదీ, నిధీ ఉన్న పనిగా మార్చడం. స్మారకోపన్యాసాలు పెట్టుకోవడం కన్నా అది కష్టం.

కాబట్టి సంఘం వారికి నా విన్నపం ఒకటి. వచ్చే ఏడు ఈ ఉపన్యాసానికి, పూలదండలకు, శాలువాలకు పెట్టే ఖర్చును విడిగా తీసి, జోనల్ పోటీలకు వెళ్లే ఆడపిల్లల బస్సు చార్జీలకు, వాళ్లతో తోడుగా వెళ్లే ఆడ టీచరు భత్యానికి టీచరు గారి పేరిట ఒక ఖాతా తెరవండి. మీలో ఎవరైనా ఆ రెండు రోజులు పిల్లల వెంట వెళ్లగలిగితే పేరు ఇవ్వండి. నా పేరు ముందు రాసుకోండి. ప్రధానోపాధ్యాయిని గారు ఈ ఏడు జట్ల జాబితా సభ అయ్యాక ఇస్తామన్నారు, తీసుకుని వెళ్లండి.